అక్కను తవ్వుతామన్నారు

"మామా, అమ్మను తవ్వి తీస్తారంట" అంది ఫోన్‌లో మా మేనకోడలు.

అనంతపురంలో మా ఇంటి ముందు మోటారుసైకిలు తుడుచుకుంటున్నాను. ఎవరిని, ఎందుకు అని నేను అడగలేదు. ఆ ఒక్క వాక్యంతో నాకు అంతా అర్థమైంది. ఈ జిల్లాలో పుట్టినవాడికి అర్థమవుతుంది. అదే నా బాధ.

అక్కకు బొల్లి ఉండేది. డాక్టర్లకు అది చర్మంలో రంగు పోవడం మాత్రమే. అంటుకోదు, నొప్పి పెట్టదు, ప్రాణం తీయదు. కానీ బొల్లి ఉన్న మనిషిని మట్టిలో పూడిస్తే ఆ నేల మీద వాన పడదని మా పల్లెల్లో నమ్మకం. అలాంటి శవాన్ని కాల్చాలట. ఒకవేళ పూడ్చి ఉంటే, తవ్వి తీసి కాల్చాలట. తాతల కాలం కథ చెబుతున్నానని పట్నం మిత్రులు అనుకుంటారు. మూఢనమ్మకాల మీద నేను మాట్లాడే సభల్లో ఈ మాట చెప్పినప్పుడు నవ్వినవాళ్లను చూశాను. ఇది తాతల కాలం సంగతి కాదు. ఫోన్‌లో మబ్బుల బొమ్మ చూసుకునే యువకుడే ఆ ఫోన్ జేబులో పెట్టుకుని గడ్డపార ఎత్తుతాడు.

వానలు కురిసిన ఏడు ఈ నమ్మకం ఎవరికీ గుర్తు రాదు. అక్క పోయినప్పుడూ రాలేదు. అంతకుముందు పంట ఓ మాదిరిగా పండింది. ఎండాకాలం ఇంకా ముదరలేదు. ఊరంతా వచ్చింది, పిడికెడు మట్టి వేసింది, స్నానం చేసి పోయింది. చేనులో, మా బావ సమాధి పక్కనే ఆమెను పూడ్చారు. ఒక్కరూ అడ్డం చెప్పలేదు. ఇప్పుడు శనక్కాయ విత్తే అదును దాటిపోతోంది. ఒలిచిన విత్తనం ఇళ్లలో మూటలు కట్టి ఉంది. అందుకని ఊరికి అక్క గుర్తొచ్చింది.

"ఎవరంటాండారు?" అన్నాను.

"అందరూ. పెద్దనాయన ముందుండి మాట్లాడతాండాడు. అన్న నోరెత్తడం లేదు. నువ్వు వస్తావా, రావా?"

తనకల్లు వైపు పోయే దారిలో ఉంటుంది అక్క ఊరు. కదిరి దాటినప్పటి నుంచి రోడ్డుకు రెండు వైపులా దున్ని వదిలేసిన ఎర్రనేల. దారంతా అక్క గురించే ఆలోచించాను.

బొల్లి మొదట ఆమె పెదవి చివర కనిపించింది, చిన్నది పుట్టిన తర్వాత. ఆ పైన చేతులు, మెడ, మొహం. పోయేనాటికి నల్లని మనిషి పూర్తిగా తెల్లబడిపోయింది, చెవుల వెనక తప్ప. బావ మంచివాడని అందరూ అంటారు. కొట్టలేదు, తిట్టలేదు, ఇంకో ఆడదాన్ని తెచ్చుకోలేదు. ఆమె పక్కన కూర్చోవడం మాత్రం మానేశాడు. ఆమె వండితే తినేవాడు, వడ్డిస్తే తినేవాడు కాదు. వంటకూ వడ్డనకూ ఏం తేడా అని ఒకసారి నిలదీస్తే "నీకు తెల్దులేప్పా" అని లేచి వెళ్లిపోయాడు. బస్సు ఎక్కితే ఆమె ముందు సీట్లో, ఆయన వెనక తలుపు దగ్గర. పెళ్లిళ్లలో ఆమెను పందిట్లోకి పిలిచేవారు కాదు, వంటపాత్రల దగ్గరికి కూడా పిలిచేవారు కాదు. దాంతో ఆమె చేను పట్టుకుంది. రాళ్లు ఏరింది, ఏరిన రాళ్లతో కట్ట వేసింది. ఆ చేనులో బొల్లి గురించి మాట్లాడేవాళ్లెవరూ ఉండరు.

బావ పోయిన తర్వాత ఓసారి నాతో అంది.

"బతికినన్నాళ్లు పక్కన కూర్చోనీలేదు కదప్పా ఆ మనిషి. ఇప్పుడు యాడికి లేచి పోతాడు? నేను పోతే ఆయప్ప పక్కనే పండబెట్టండి. ఇద్దురి మధ్యలో గట్టు పెట్టొద్దండి."

"ఊళ్లో ఒప్పుకోరేమోక్కా."

"కాల్చేటట్లుంటే ముందే చెప్పండి, నేను చావను" అని నవ్వింది. ఆ నవ్వులో ఎన్నేళ్ల కోపం ఉందో నాకు వినిపించింది. ఆమె జీవితంలో నోరు తెరిచి అడిగిన కోరిక నాకు తెలిసి అదొక్కటే.

ఊరు చేరేసరికి మేనల్లుడు ఇంటి అరుగు మీద మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాడు. డిగ్రీ చదివాడు. బెంగళూరులో కొన్నాళ్లు సెక్యూరిటీ పని చేసి, అక్కడి అద్దెలకు తట్టుకోలేక, తండ్రి పోయాక చేను చూసుకుంటానని వెనక్కి వచ్చాడు. వాడి చెల్లెలు, నాకు ఫోన్ చేసిన పిల్ల, కదిరిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. నాకంటే ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమిరా ఇది?" అన్నాను.

"నన్నేం చేయమంటావు మామా? విత్తేదానికి గొర్రు పట్టే మనిషి రాడంట. ట్రాక్టరు అడిగితే డీజలు లేదంటాండారు. నా పెండ్లాం ట్యాంకరు కాడికి పోతే దాని బిందె పక్కకు జరుపుతాండారు."

"వాళ్లు బిందె జరిపితే నువ్వు అమ్మను జరుపుతావా?" అంది చెల్లెలు.

"నువ్వు కదిరిలో ఫ్యాను కింద కూర్చోని ఏమన్నా మాట్లాడతావు. సాయంత్రం బస్సెక్కి పోతావు. ఈ మొహాలు రేపు పొద్దున చూడాల్సింది నేను."

"అమ్మ కూడా ఈ మొహాలనే చూసింది. ఎప్పుడన్నా తల దించుకునిందా?"

"దించుకోలేదు. మనుషులే లేకుండా బతికింది. నన్నూ అట్లే బతకమంటావా? నాకు పిల్లోల్లు ఉండారు."

నేను మధ్యలోకి వెళ్లాను. చట్టం ఉందన్నాను, హక్కు ఉందన్నాను. వాడు నా వైపు తిరిగాడు. వాడి గొంతు అంతగా లేవడం ఎప్పుడూ వినలేదు.

"చట్టమా? ముందటేడు పంట ఎండితే బీమా ఆఫీసుకు పోయినా మామా. మీ మండలంలో వాన పడినట్లుంది, మీకు రాదన్నారు. వాన కొలిచే డబ్బా యాడ పెట్టినారో ఆడ పడిందంట. కాగితంలో వాన, చేనులో దుమ్ము. ఎవురి చొక్కా పట్టుకోవల్ల నేను? చొక్కా వేసుకున్నోడే కనపడలేదు. కంప్యూటరు కనపడింది. ఊరోల్లకూ అంతే. వాళ్ల కోపం యాడ పెట్టుకోవల్లో వాళ్లకు తెల్దు. అమ్మ దొరికింది."

ఏళ్ల తరబడి నేను వ్యాసాల్లో రాసిన విషయాన్నే వాడు ఇంకా బాగా చెప్పాడు. చెప్పి, తల్లిని అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాడు. తెలియకపోవడమే అసలు జబ్బు అనుకునేవాణ్ణి. అన్నీ తెలిసి లొంగిపోయేవాడి ముందు నా దగ్గర మందు లేదు.

సాయంత్రం చౌకదుకాణం వరండాలో ఊరు కూర్చుంది. మధ్యలో కుర్చీలో, పిల్లలు పెద్దనాయన అనే మనిషి. మా బావకు దాయాది అన్న. వరసకు నాకూ బావే. ఊళ్లో మాట చెల్లే మనిషి.

"రా బామ్మర్దీ. అనంతపురంలో దేవుడు లేడని అందరికీ చెప్పేసి వచ్చినావా, ఇంకేమన్నా మిగిలుండాదా పని?"

వరండా అంతా నవ్వింది.

"ఆ పని ఇప్పట్లో ఒడిసేది కాదులే బావా. ఈపొద్దు నీతో పని పడింది" అన్నాను.

వాదం మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరినీ బొల్లితో పూడ్చలేదు, అక్కడ మాత్రం వాన పడిందా అన్నాను.

"ఎవురో ఒకరు ఉండుంటారులేప్పా. దాచిపెట్టుంటారు" అన్నాడు పెద్దనాయన.

"మరి ఈ ఊళ్లో వాన పడిన ఏళ్లలో భూమిలో ఉన్నవాళ్లలో ఎవరికీ బొల్లి లేదా?"

"అప్పుడు పడేది ఇంకా ఎక్కువ పడుండునేమో, నీకేం తెలుసు?"

పడితే వాళ్ల మాట నిజం. పడకపోతే ఇంకా నిజం. ఇలాంటి గోడకు తల కొట్టుకోవడం నాకు అలవాటే. ఈసారి గోడ అవతల అక్క ఉంది. గొంతు పెంచాను. రెండు వైపుల నుంచి వచ్చే ఋతుపవనాలూ మా జిల్లా చేరేసరికి ఎందుకు వట్టిపోతాయో, కొండలు తేమను ఎక్కడ ఆపేస్తాయో చెప్పుకుపోయాను. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ యువ రైతు ఒకతను, మర్యాదగానే, నన్ను ఆపాడు.

"అవన్నీ మాకూ తెలుసు సార్. బళ్లో చదివినాం. తెలిసి ఏం చేయల్ల? కొండల్ని జరపలేం గదా. గుంత అయితే తవ్వగలం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కే స్థితిలో ఉన్నారు వాళ్లు. చేతికి అందేది చచ్చిపోయిన ఆడమనిషి.

పక్కకు వచ్చి పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేశాను. అవతలి గొంతు ఓపిగ్గా విని అడిగింది: "తవ్వినారా సార్?"

"ఇంకా లేదు."

"తవ్వినాక చెప్పండి సార్, కేసు కడతాం. ఇప్పుడొచ్చి ఏమని రాసుకోవల్ల?"

తిరిగి వచ్చేసరికి పెద్దనాయన చిరునవ్వుతో ఉన్నాడు. నేను ఎవరికి ఫోన్ చేశానో, ఏం జవాబు వచ్చిందో నా మొహం మీదే చదివినట్టున్నాడు.

"పోలీసోళ్లు వస్తారు, పోతారు. నీ అల్లుడు ఈడే ఉంటాడు గదప్పా. మేమూ మనుషులమే. ఆమె మా ఇంటి కోడలు. తవ్వల్లని మాకు మాత్రం సరదానా? ఇంకో దోవ ఉండాది. గోరీ మీద నీళ్లు పోసి శాంతి చేయొచ్చు. పుట్టినింటోళ్లు పోయల్ల. అంటే నువ్వు."

ఈ దారి వాళ్లు నేను రాకముందే ఆలోచించి పెట్టుకున్నారని అప్పుడు అర్థమైంది. ఒక యువకుడు ఫోన్ తీసి కెమెరా సరిచూసుకుంటున్నాడు.

"పోసేటప్పుడు ఉపన్యాసం ఇవ్వకూడదు" అన్నాడు పెద్దనాయన. ఈసారి మళ్లీ నవ్వారు.

పోయనని చెప్పడానికి నోరు తెరిచాను. మేనకోడలు చెయ్యి పట్టుకుని నన్ను మెట్ల కిందికి లాక్కొచ్చింది.

"ఇంతసేపూ మాట్లాడినావు, ఒక్కరన్నా మారినారా? నువ్వు పోయకపోతే రేపు గడ్డపారలు తెస్తారు. ఎప్పుడన్నా అమ్మ ఎవురినన్నా ఏమన్నా అడిగిందా మామా? ఒక్క బిందె. పోసి, మళ్లీ పోయి రాసుకో నీ వ్యాసం."

నేను పోశాను. దానికి నేను క్షమాపణ చెప్పుకోవడం లేదు. ఒక బిందె నీళ్లు నేల మీద పడితే ఆకాశంలో ఏమీ జరగదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. గడ్డపార పడితే మాత్రం అక్క ఎముకలు బయటికి వస్తాయి. ఈ రెండింటిలో నా చేతిలో ఉన్నది నేను చేశాను.

ఆ నీళ్లు ట్యాంకరువి. వరసలో పెట్టిన బిందెల్లో ఒకటి తీసుకొచ్చారు. రెండు దిబ్బలు పక్కపక్కనే ఉన్నాయి, బావది గడ్డి మొలిచి చదునైంది, అక్కది ఇంకా ఎత్తుగా. నేను వంచిన నీళ్లు మట్టి మీద నిలవనే లేదు. వెనక నుంచి ఒక ముసలామె గొంతు వినిపించింది: "ఆ నీళ్లు మా కడవలో పోసింటే పుణ్యమన్నా వచ్చుండు."

"నోర్ముయ్యే" అన్నాడు పెద్దనాయన.

వీడియో నేను అనంతపురం చేరక ముందే చేరింది. మా సంఘంలో ఒకాయన ఫోన్ చేసి, ముప్పొద్దులా మూఢనమ్మకాల మీద మాట్లాడే మనిషివి నువ్వేనా అని అడిగాడు. అవునన్నాను. మీ ఇంట్లో ఎవరినైనా తవ్వుతామన్నప్పుడు మళ్లీ మాట్లాడుకుందామన్నాను. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు.

వాన రాలేదు. మబ్బులు పట్టేవి, మధ్యాహ్నం గాలి లేచేది, సాయంత్రానికి ఆ మబ్బులన్నీ కర్ణాటక వైపు కదిలిపోయేవి. మేనకోడలు మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది.

"నీ చెయ్యి పనికిరాలేదంట మామా. నమ్మకం లేనోడు పోస్తే ఎట్ల పని చేస్తాదని అంటాండాడు పెద్దనాయన. రేపు పొద్దున తవ్వుతారంట."

"మీ అన్న?"

"ఒప్పుకున్నాడంట. సరే రాండి అన్నాడంట" అని ఫోన్ పెట్టేసింది.

పోసినా తప్పే, పోయకపోయినా తప్పే. వాళ్ల దగ్గర మొదటి నుంచీ అంతే, నేనే మర్చిపోయాను. ఆ కోపమంతా మేనల్లుడి మీదికి మళ్లింది. తెల్లవారి బయలుదేరి, దారిలో ఎక్కడా ఆగకుండా పోయాను. వాడికి చెప్పాల్సిన మాటలు హెల్మెట్ లోపలే పైకి అంటూ పోయాను. నిన్ను మోసి కన్న మనిషిని నువ్వే పట్టిస్తావా అని. నీకు పిల్లలుంటే ఆమెకు లేరా అని.

ఊళ్లో మగవాళ్లు లేరు. అందరూ చేను దగ్గర ఉన్నారు. గడ్డపారలు, పారలు, ఒక ట్రాలీలో కట్టెలు, పాత టైర్లు. కానీ ఎవరూ తవ్వడం లేదు. చేను గట్టు మీద వరసగా నిలబడి నేల వంక చూస్తున్నారు. నేనూ చూశాను.

దిబ్బలు లేవు. చేను ఈ కట్ట నుంచి ఆ కట్ట దాకా దున్ని ఉంది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఆ పైన రోటవేటరు తిప్పి పిండి చేసినట్టు. తల దగ్గర పాతిన గుర్తు రాళ్లు కూడా లేవు. ముందు రోజు పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, మేనల్లుడు వేరే మండలం నుంచి ట్రాక్టరు తెప్పించుకుని సేద్యం చేశాడట. వాన కోసం నేల తయారు చేసుకుంటున్నాడని అందరూ అనుకున్నారు. ఈ అదునులో దున్నేవాణ్ణి ఎందుకు దున్నుతున్నావని అడిగేవాడు మా జిల్లాలో ఉండడు.

వాడు కట్ట మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమిరా ఇది? గోరీలు యాడ?" అన్నాడు పెద్దనాయన.

"సేద్యం చేసినా పెద్దనాయనా. అదును పోతాంది గదా."

"మీ అమ్మది యాడుండాది?"

"ఈ మూలలోనే యాడనో. నాకూ గుర్తు తెలీడం లేదు. రాండి, తవ్వండి. రమ్మన్నా గదా." వాడు లేచి నిలబడ్డాడు. "ముందు మా నాయన తగిలితే మటుకు ఏం చేస్తారో ఇప్పుడే చెప్పండి. ఆయప్పకు బొల్లి లేదు. ఆయప్ప ఎముకల మీద గడ్డపార వేసేది ఎవురో ముందుకు రాండి, మొహం చూస్తా."

గుంపులో గొణుగుడు లేచింది.

"ఆమెను ఎడమపక్క పెట్టినాం. నేనే మట్టి ఎత్తినా" అన్నాడొకడు.

"యాడ ఎడమ? తలకాడ నిలబడితేనా, కాళ్లకాడ నిలబడితేనా?"

"కట్ట పక్క ఉండె."

"కట్ట పక్క ఉండింది వాళ్లాయనది రా, నీ కండ్లు మండా."

మొన్న నేను నీళ్లు పోసిన చోటు కూడా ఒకరు ఒకచోట, ఇంకొకరు ఇంకోచోట చూపించారు. నా వైపూ చూశారు. నాకు నిజంగానే తెలియలేదు.

పెద్దనాయన పార తీసుకున్నాడు. ఎవరూ రాకపోతే తానే తవ్వుతాడనుకున్నాను. చేనులోకి రెండు మూడు అడుగులు వేసి ఆగిపోయాడు. మా బావ ఆయనకు తమ్ముడు, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాడు. పోయిన రోజు తలవైపు పట్టి గుంతలో దింపింది ఈయనే. ఆడమనిషి ఎముకల మీదికి ఎత్తిన పార తమ్ముడి ఎముకల దగ్గరికి వచ్చేసరికి దిగలేదు. దాన్ని పెద్దమనసు అని నేను అనను. మగవాడి శవానికి ఉన్న మర్యాద అది, అంతే. ఆయన పక్కన పడుకోవడం వల్ల అక్కకు ఆ మర్యాదలో కాస్త వాటా దొరికింది.

"మీ మామ నేర్పినాడా ఈ తెలివి?" అన్నాడు పార కింద పడేసి.

"మామకు సేద్యమేం తెలుసు పెద్దనాయనా" అన్నాడు వాడు.

వాళ్లు పోయారు, తిట్టుకుంటూ, ఒకరి మీద ఒకరు తప్పు వేసుకుంటూ. కట్టెల ట్రాలీ అందరికంటే వెనక పోయింది. హెల్మెట్ లోపల వాడికోసం దాచుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

అంతలో కదిరి నుంచి వచ్చిన మేనకోడలు చేనులోకి నడిచింది. మెత్తని దుక్కిలో కాళ్లు దిగబడుతుంటే ఒకచోట ఆగి, చుట్టూ చూసి, ఇంకోచోటికి పోయి, మళ్లీ చుట్టూ చూసింది. తిరిగి వచ్చి అన్న చొక్కా పట్టుకుంది.

"నాకన్నా చెప్పింటే పోయేది గదా. ఒక్క గుర్తన్నా పెట్టుకోనుందును గదా. ఇప్పుడు నేను దండం యాడ పెట్టుకోవల్ల?"

"నీకు తెలిస్తే నీ మొహం చూసి వాళ్లు కనుక్కుందురు" అన్నాడు వాడు.

ఆమె చొక్కా వదిలేసింది. అప్పటి నుంచి అన్నతో మాట్లాడదు. వాడి పెళ్లాం బిందె ట్యాంకరు దగ్గర ఇంకా పక్కకే జరుగుతోంది. నేను ఇద్దరి మధ్యా ఫోన్లు చేస్తూ ఉంటాను. నాతో వాడు ఒక్కసారే ఆ మాట ఎత్తాడు: "అడిగినట్లే నాయన పక్కన పండుకోనుండాది మామా. మధ్యలో గట్టు కూడా లేదు. అంతకంటే నాకు చేతకాలేదు."

ఈ సంగతి ఎక్కడ చెప్పినా, ఊరివాళ్ల అజ్ఞానానికి తల పట్టుకున్న చదువుకున్నవాళ్లే, చివర్లో గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుతారు: ఇంతకీ ఆ తర్వాత వాన పడిందా?

నేను చెప్పను. పడిందంటే, చూశారా, తవ్వకపోయినా పడిందని సంతోషిస్తారు. పడలేదంటే ఒక్క క్షణం ఆగి, ఏమోలే అన్నట్టు చూస్తారు. ఏ జవాబు చెప్పినా మా అక్కను వానకు సాక్షిగా నిలబెట్టినట్టే. ఆ ప్రశ్న అడిగిన ప్రతివాడూ, తనకు తెలియకుండానే, గడ్డపార పట్టుకుని ఆ గట్టు మీద నిలబడ్డాడు.